మరొకరి పండుగ పంక్తిలో

నవంబరు దగ్గర పడుతున్నదంటే ఈ శీర్షికకు అమెరికాలో ఉన్న పాఠకుల నుంచీ, పిల్లల దగ్గరికి ప్రయాణమవుతున్న తల్లిదండ్రుల నుంచీ, అక్కడ నవంబరు నాలుగో గురువారం జరుపుకునే కృతజ్ఞతా పండుగ థ్యాంక్స్‌గివింగ్ గురించి ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి వచ్చినవాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం డల్లాస్ దగ్గర ఉంటుంది. ఈ నవంబరులో మేమిద్దరం అక్కడే ఉంటాం. పక్కింటి అమెరికన్ దంపతులు థ్యాంక్స్‌గివింగ్ భోజనానికి మా అందరినీ పిలిచారట. మేము శాకాహారులం, ఆ రోజు బల్ల మధ్యలో టర్కీ కోడిని పెడతారని విన్నాను. అది క్రైస్తవుల పండుగా? వెళ్తే ఏం తీసుకువెళ్లాలి? భోజనానికి ముందు ఒక్కొక్కరూ తాము దేనికి కృతజ్ఞులమో చెప్పాలట. నాకు ఇంగ్లీషు రాదు. వెళ్లకుండా ఉంటే తప్పవుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. అమెరికాలో ఏడాది పొడుగునా ఎన్ని విందులు జరిగినా, ఈ ఒక్క భోజనానికి ఇంటికి పిలవడమంటే మన వైపు సంక్రాంతికి పిలిచినట్టే. ఎక్కడెక్కడో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు విమానాలెక్కి, లేదంటే రోజంతా కార్లు నడుపుకుంటూ ఆ గురువారానికి తల్లిదండ్రుల ఇల్లు చేరుకుంటారు. సొంతవాళ్ల కోసం వేసుకునే ఆ బల్ల దగ్గర మీ కుటుంబానికి కూడా కుర్చీలు వేశారంటే, మీ అబ్బాయినీ కోడలినీ వాళ్లు ఎంత దగ్గరివాళ్లుగా చూస్తున్నారో అర్థం చేసుకోవచ్చు.

దీని మూలాలు క్రైస్తవంలో ఉన్న మాట నిజమే. పంట చేతికి వచ్చినప్పుడు, ఆపద గట్టెక్కినప్పుడు ఒక రోజును ఏర్పరచుకుని దేవునికి కృతజ్ఞతలు చెప్పుకోవడం ఇంగ్లండు నుంచి వలస వెళ్లిన ప్యూరిటన్లు అనే క్రైస్తవ వర్గం ఆచారం. కానీ నేటి పండుగ ఏ ఒక్క మతానిదీ కాదు. యూదులు, ముస్లిములు, హిందువులు, ఏ మతమూ లేనివారు కూడా చేసుకుంటారు. అది దేశమంతటికీ ఏటేటా జరిగే పండుగ కావడానికి ముఖ్య కారకురాలు ఒక పత్రికా సంపాదకురాలు కావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఒక మహిళా మాసపత్రికను నడిపిన సారా జోసెఫా హేల్ దశాబ్దాల తరబడి సంపాదకీయాలు రాసి, గవర్నర్లకూ అధ్యక్షులకూ ఉత్తరాలు రాసి, దేశమంతా ఒకే రోజున ఈ భోజనానికి కూర్చోవాలని కోరుతూ వచ్చారు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు ఒకదానినొకటి చంపుకుంటున్న అంతర్యుద్ధం నడుమ, 1863లో అబ్రహాం లింకన్ ఆ కోరికను మన్నించి నవంబరు చివరి గురువారాన్ని కృతజ్ఞతా దినంగా ప్రకటించారు. ఆ ప్రకటనలో యుద్ధం వల్ల వితంతువులైనవారి కోసం, అనాథలైనవారి కోసం ప్రార్థించమని కూడా ప్రజలను కోరారు.

ఇక భోజనం సంగతి. బల్ల మీద మీరు తినదగినవి చాలానే ఉంటాయి, కాకపోతే పైకి శాకాహారంగా కనిపించే కొన్నిటిలో మాంసపు రసం కలిసి ఉంటుంది. ‘స్టఫింగ్’ అనేది రొట్టె ముక్కలు, ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకు కలిపి చేసేదే అయినా, దాన్ని తరచుగా కోడి పొట్టలోనే పెట్టి ఉడికిస్తారు. విడిగా వండినా కోడి ఉడికించిన నీళ్లు పోయడం మామూలు. ‘గ్రేవీ’ కోడి నుంచి కారిన కొవ్వుతో, రసంతో చేసేది. చిలగడదుంపల మీద పరిచే తెల్లటి మార్ష్‌మాలోలలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. గుమ్మడికాయతో చేసే ‘పై’ అనే తీపి వంటకంలో కోడిగుడ్లు ఉంటాయి, దాని అడుగున ఉండే పొరలో కొందరు పంది కొవ్వు వాడతారు. వెన్న, పాలు కలిపి మెదిపిన బంగాళాదుంపలు, ఉడికించిన మొక్కజొన్న, క్రాన్‌బెర్రీ పండ్లను పంచదారతో ఉడికించిన సాస్ సాధారణంగా మీకు ఇబ్బంది లేనివి. ఇవన్నీ భోజనానికి కూర్చున్నాక అడిగితే వడ్డించేవారు నొచ్చుకుంటారు. ఆహ్వానాన్ని అంగీకరించేటప్పుడే మీ అబ్బాయి చేత ‘మా అమ్మానాన్నలు మాంసం, చేపలు, గుడ్లు తినరు’ అని స్పష్టంగా చెప్పించండి. ఉత్త ‘శాకాహారులు’ అంటే గుడ్డు తింటారనుకోవడం అక్కడ సహజం. ఆ మాట వెంటనే ‘మేమేం తీసుకురమ్మంటారు?’ అని కూడా అడగమనండి. తలా ఒక వంటకం తెచ్చుకోవడం ఈ భోజనానికి అలవాటైన పద్ధతి కనుక ఆ ప్రశ్న వారిని సంతోషపెడుతుంది.

నన్నడిగితే పులిహోర తీసుకువెళ్లమంటాను. చల్లారినా రుచి తగ్గదు, వాళ్ల పొయ్యి ఖాళీ కోసం ఎదురు చూడనక్కర్లేదు, మనవాళ్లు గుళ్లో పదిమందికీ పంచిపెట్టేది కూడా అదే. పచ్చిమిరపకాయలు తగ్గించండి. వేరుశనగ గుళ్లు, జీడిపప్పు వేయించి వేరే గిన్నెలో ఉంచండి. ఆ దేశంలో వీటి ఎలర్జీ ఉన్న పిల్లలు చాలామంది, కొందరికి అది ప్రాణం మీదికి వచ్చేంత తీవ్రంగా ఉంటుంది. వడ్డించుకోవడానికి గరిట కూడా వెంట పట్టుకువెళ్లండి. అక్కడ మనలా దగ్గరుండి కొసరి కొసరి వడ్డించరు; గిన్నెలు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి బల్ల చుట్టూ తిరుగుతాయి, ఎవరికి కావలసినంత వారు పెట్టుకుంటారు. ప్రతి గిన్నెకూ విడి గరిట ఉంటుంది కనుక ఎంగిలి అవుతుందన్న బెంగ మీకు అక్కర్లేదు.

నేను కొన్నేళ్లు న్యూజెర్సీలో ఉన్నప్పుడు పక్కింటి వృద్ధ దంపతులు మమ్మల్ని మొదటిసారి ఈ భోజనానికి పిలిచారు. ఆమె శాకాహార వంటకాలన్నిటినీ బల్లకు ఒక కొసన, కోడికి దూరంగా పెట్టి, వాటి పక్కన నీలిరంగు పిడి ఉన్న గరిటలు వేసి, ‘నీలం మీది’ అని నాకు చెప్పింది. తెలియని ఆచారాన్ని ఆమె అంత శ్రద్ధగా పాటించినప్పుడు, ఆమె పండుగను నేను ఎంత శ్రద్ధగా తెలుసుకున్నాను అన్న ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ జవాబు ఇంత వివరంగా రాయడానికి అదే కారణం.

కృతజ్ఞత చెప్పే వంతు వచ్చినప్పుడు తెలుగులోనే చెప్పండి, మీ అబ్బాయి ఇంగ్లీషులో చెబుతాడు. మనం ఇంట్లోవాళ్లకు ధన్యవాదాలు చెప్పుకునే అలవాటు ఉన్నవాళ్లం కాము, అలా చెబితే పరాయివాళ్లతో మాట్లాడినట్టు ఉంటుంది. కానీ భోజనం చేసి లేచేటప్పుడు ‘అన్నదాతా సుఖీభవ’ అనడం మన పెద్దలు నేర్పినదే కదా. పెట్టినవారు సుఖంగా ఉండాలని తిన్నవారు దీవించే మాట అది. పిల్లలు దూరదేశంలో ఉంటే వాళ్లకు ఇరుగుపొరుగు తోడుగా నిలిచారన్న తృప్తి మీ మనసులో ఉంటే ఆ సంగతే చెప్పి, చివర ఆ దీవెన ఇవ్వండి.

ప్రశ్న: మిషిగన్‌లో చదువుకుంటున్నాను. మా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు థ్యాంక్స్‌గివింగ్ విందు ఇస్తున్నారు. అయితే అక్కడి ఆదివాసులకు అది సంతాప దినమని ఒక స్నేహితురాలు చెప్పింది. అది తెలిశాక వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అసలు ఏం జరిగింది?
– ఒక విద్యార్థిని, ఆన్ ఆర్బర్

జవాబు: మీ స్నేహితురాలు చెప్పినది నిజం. మీరు వెనకాడటం కూడా మంచి మనసుకు గుర్తే.

1620 చివర్లో 102 మంది ప్రయాణికులతో మేఫ్లవర్ అనే ఓడ నేటి మసాచుసెట్స్ తీరానికి చేరింది. చలి, ఆకలి, రోగాలతో మొదటి శీతాకాలంలోనే వారిలో సుమారు సగం మంది చనిపోయారు. మిగిలినవారు ప్లిమత్ అనే ఊరు కట్టుకున్న చోటు ఖాళీ భూమి కాదు. అది పటుక్సెట్ అనే గ్రామం. అంతకుముందు కొన్నేళ్లలోనే ఐరోపావారి ఓడలతో వచ్చిన అంటురోగాలకు ఆ గ్రామస్థులంతా తుడిచిపెట్టుకుపోయారు. ఆ ఊరివాడైన టిస్క్వాంటమ్‌ను 1614లో ఒక ఇంగ్లీషు ఓడవాడు ఎత్తుకుపోయి స్పెయిన్‌లో బానిసగా అమ్మజూశాడు. అతను ఎలాగో ఇంగ్లండు చేరి, 1619లో సొంత ఊరికి తిరిగివచ్చేసరికి పలకరించడానికి ఒక్క మనిషీ మిగలలేదు. వచ్చినవారికి మొక్కజొన్న నాటేటప్పుడు పాదులో చేపను ఎరువుగా వేయడం నేర్పినవాడు అతనే. తన ఊరి శిథిలాల మీద ఊరు కట్టుకున్నవారికి అన్నం పుట్టించే విద్య నేర్పిన ఆ మనిషిని తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

1621 శరత్కాలంలో పంట ఇంటికి చేరాక వలసవారు విందు చేసుకున్నారు. ఆ విందు గురించి వారిలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఆ డిసెంబరులో రాసిన ఉత్తరం మనకు మిగిలింది. అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజల నాయకుడు మాససోయిట్ సుమారు 90 మంది మనుషులతో వచ్చాడని, మూడు రోజులు విందు సాగిందని, ఆ అతిథులు ఐదు జింకలను వేటాడి తెచ్చి ఇచ్చారని అందులో ఉంది. అప్పటికి వలసవారు 50 మందే. అంటే ఆ పంక్తిలో ఎక్కువమంది ఆదివాసులే, వంటకు సంభారం తెచ్చినవారిలోనూ వారున్నారు. ‘థ్యాంక్స్‌గివింగ్’ అన్న పేరు ఆ ఉత్తరంలో లేదు. దానిని ఈ పండుగకు మొదలుగా చెప్పుకోవడం చాలా తరవాత వచ్చిన అలవాటు.

ఆ స్నేహం రెండు తరాలు కూడా నిలవలేదు. వలసవారు పెరిగి, భూములు ఆక్రమించుకుంటూ పోగా 1675లో యుద్ధం వచ్చింది. వాంపనోగ్‌ల పక్షాన దాన్ని నడిపినవాడు మాససోయిట్ కొడుకు మెటాకమ్. 1676లో అతన్ని చంపి, తల నరికి, ఏళ్ల తరబడి ప్లిమత్‌లోనే గుంజకు గుచ్చి నిలిపారు. బందీలుగా చిక్కిన ఎందరో ఆదివాసులను బానిసలుగా అమ్మివేశారు. తండ్రి విందు ఆరగించిన ఊళ్లోనే కొడుకు తల వేలాడింది.

1970లో, మేఫ్లవర్ వచ్చి 350 ఏళ్లయిన సందర్భంగా జరిగే ఉత్సవంలో మాట్లాడమని వాంపనోగ్ వ్యక్తి వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను ఆహ్వానించారు. ఆయన రాసుకున్న ప్రసంగంలో ఈ నిజాలన్నీ ఉండడం చూసి నిర్వాహకులు దాన్ని చదవనివ్వలేదు. ఆ ఏడాది థ్యాంక్స్‌గివింగ్ రోజునే ఆయనా, ఆయనతో నిలిచినవారూ ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద, మాససోయిట్ విగ్రహం దగ్గర, జాతీయ సంతాప దినం పాటించారు. అప్పటి నుంచి ఏటా అది జరుగుతున్నది. పాల్గొనేవారిలో చాలామంది ఆ పగలు ఉపవాసం ఉంటారు.

ఇక వెళ్లడమా, మానడమా అన్నది. వెళ్లమనే నా సలహా. మిమ్మల్ని పిలిచినవారు దూరదేశపు పిల్లలు సెలవుల్లో ఖాళీ గదుల్లో ఒంటరిగా ఉండకూడదని పిలుస్తున్నారు. ఆ ఆదరణను కాదనడం వల్ల మెటాకమ్‌కు న్యాయం జరగదు. అయితే తెలిసిన సంగతిని గుమ్మం బయట విడిచి వెళ్లవద్దు. అన్నదాతను దీవించమన్నది మన ఆచారమైతే, ఆ బల్ల మీది మొక్కజొన్న, గుమ్మడి, క్రాన్‌బెర్రీ, టర్కీ కోడి అన్నీ ఆ నేలవి, వాటిని పండించడం, వేటాడడం తరతరాలుగా తెలిసినవారు ఆదివాసులు. మీ వంతు వచ్చినప్పుడు వారి పేరు చెప్పండి. మిషిగన్‌లో మీరున్న చోటు అనిషినాబే ప్రజల సీమ. ఒజిబ్వే, ఒడావా, పొటవాటమీ జాతులవారు నేటికీ ఆ రాష్ట్రంలో ఉన్నారు. ‘ఒకప్పుడు ఉండేవారు’ అన్నట్టు వారి గురించి మాట్లాడకండి.

ప్రశ్న: ఈసారి భోజనం మా ఇంట్లోనే. మా ఆయనతో పనిచేసే రెండు అమెరికన్ కుటుంబాలు, మూడు తెలుగు కుటుంబాలు వస్తున్నాయి. టర్కీని నేనెప్పుడూ వండలేదు. తందూరీ మసాలా పట్టించవచ్చా? తెలుగువారిలో సగం మంది శాకాహారులు.
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మొదటిసారి వండేవారు ఎక్కువగా పొరపడేది మసాలాలో కాదు, మంచు కరిగించడంలో. అంగట్లో గడ్డకట్టి ఉన్న టర్కీని ఫ్రిజ్‌లో కరిగించడానికి ప్రతి 4 నుంచి 5 పౌన్లకు 24 గంటలు పడుతుంది. 12 పౌన్ల కోడికి మూడు రోజులు కావాలి, అంటే సోమవారం ఉదయానికల్లా దాన్ని ఫ్రిజ్ కింది అరలో, రసం కారినా నిలిచే పళ్లెంలో పెట్టి ఉండాలి. వంటగది గట్టు మీద పెట్టి కరిగించకండి, పైభాగం వేడెక్కి సూక్ష్మక్రిములు పెరుగుతాయి. పచ్చి కోడిని కుళాయి కింద కడగడం మనకు అలవాటు, కానీ ఆ తుంపరలు చుట్టూ పడి మిగతా వంటలకు అంటుతాయి కనుక అక్కడి ఆహార భద్రతాధికారులు కడగవద్దనే చెబుతారు. పొట్టలో ఏమీ కూరకుండా, 325 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద 12 నుంచి 14 పౌన్ల కోడి ఉడకడానికి సుమారు 3 నుంచి 3¾ గంటలు పడుతుంది. గడియారాన్ని నమ్మకుండా ఆహార థర్మామీటరు కొనుక్కోండి. తొడ లోపలి భాగంలోనూ, రొమ్ము మందంగా ఉన్న చోటా 165 డిగ్రీలు చూపిస్తేనే ఉడికినట్టు. ఓవెన్ నుంచి తీశాక 20 నిమిషాలు కదపకుండా ఉంచి కోస్తే రసం లోపలే నిలుస్తుంది.

పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, గరం మసాలా కలిపి ముందు రాత్రి చర్మం కిందికి వేళ్లతో పట్టించవచ్చు, చాలా బాగుంటుంది. అయితే వచ్చే అమెరికన్ కుటుంబాలకు ఈ రోజు బాల్యం నుంచి ఎరిగిన ఒక రుచి ఉంటుంది, దాని కోసం ఏడాది ఎదురు చూస్తారు. సంక్రాంతికి మన ఇంటికి అరిసెలు ఆశించి వచ్చినవారికి కేకు పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. వీలైతే కోడిని వెన్న, ఉప్పు, మిరియాలతో వారి పద్ధతిలోనే చేసి, మసాలా రుచి కోసం విడిగా కోడి తొడలు వండండి.

శాకాహారులకు పక్క వంటకాలతో సరిపెట్టకండి, వాళ్లకూ ఒక ప్రధాన వంటకం ఉండాలి. ఆ కాలంలో తాజా క్రాన్‌బెర్రీలు అన్ని అంగళ్లలోనూ దొరుకుతాయి. వాటి పులుపు బాగా పట్టుతుంది కనుక అమెరికాలోని తెలుగిళ్లలో వాటితో పప్పు, పచ్చడి చేసుకోవడం అలవాటైంది. కందిపప్పుతో కలిపి ఉడికించి ఇంగువ, ఎండుమిరప తాలింపు పెడితే చింతపండు అక్కర్లేదు. దానికి తోడు బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు చేయండి. సంక్రాంతికి మనం తినే ఎర్ర గుమ్మడి, రోజూ వాడే మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామకాయ అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరప పోర్చుగీసుల ఓడల మీద 16వ శతాబ్దంలో మన దేశానికి చేరింది. చాలా ఇళ్లలో తద్దినం వంటకు నేటికీ మిరపకాయ తగలనివ్వక మిరియాలే వాడతారు. ఆ ఒక్క వంటలో పాత రుచి నిలిచిపోయింది. ఈ సంగతి మీ అతిథులకు చెబితే మంచి సంభాషణ నడుస్తుంది, పులుసు కూడా వారికి పరాయిదిగా తోచదు.

మాంసానికీ శాకాహారానికీ వేరువేరు గరిటలు, వీలైతే వేరువేరు బల్లలు ఏర్పాటు చేయండి. మిగిలినవాటిని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

ప్రశ్న: నేను పనిచేసే హైదరాబాదు ఆఫీసులో బోస్టన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ నవంబరంతా ఉంటుంది. పండుగ పూట ఇంటికి దూరంగా ఉన్నందుకు దిగులు పడుతున్నది. మా ఇంట్లో భోజనం పెట్టాలని ఉంది. ఏ తేదీన, ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: నవంబరు నాలుగో గురువారం. అది 22 నుంచి 28 లోపు ఏ తేదీకైనా రావచ్చు. ఆఖరి గురువారం అనే లెక్క 1939లో తడబడింది. ఆ నెలలో ఐదు గురువారాలు వచ్చేసరికి క్రిస్మస్ వ్యాపారానికి వ్యవధి పెంచాలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వారం ముందుకు జరిపారు, కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, చివరకు 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు. కెనడాలోని ఇదే పేరుగల పండుగ అక్టోబరు రెండో సోమవారం వస్తుంది కనుక రెండింటినీ కలపవద్దు.

టర్కీ కోసం ఊరంతా తిరగకండి. ఇంటి ఓవెన్లో పట్టే మామూలు కోడిని కోయకుండా నిండుగా వేయిస్తే చాలు. బంగాళాదుంపలు, మొక్కజొన్న, గుమ్మడి ఇక్కడివే వాడండి. అంతకన్నా ముఖ్యమైనది, వాళ్ల అమ్మగారు ప్రతి ఏడూ తప్పనిసరిగా చేసేది ఏదని ఆ అమ్మాయిని ముందే అడిగి, ఆ ఒక్క వంటకాన్ని మీ వంటింట్లో ఆమె చేతే చేయించండి. మీ ఇంటి ఆడవాళ్లూ మగవాళ్లూ పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగి పెట్టండి. మిగతావి మీ ఇంటి వంటలే కానివ్వండి. ఆదివారానికి వాయిదా వేయకుండా గురువారం రాత్రే పెట్టుకోండి. హైదరాబాదులో రాత్రి ఎనిమిది అయ్యేసరికి బోస్టన్‌లో ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ వాళ్లమ్మ కోడిని ఓవెన్‌లోకి ఎక్కించే వేళ. విస్తళ్లు వేశాక, వడ్డన మొదలు పెట్టే ముందు, ఆమెకు వీడియో కాల్ చేయించండి.